అట్టముక్క మీద ఆటగాడు
క్రీడాకార్డుల సేకరణ, మార్పిడి: ద్వీపాల నుంచి ఒక పరిశీలన

క్రీడాకార్డు చూడడానికి చాలా చిన్న వస్తువు. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు గల దళసరి కాగితపు ముక్క. ముందువైపు ఒక క్రీడాకారుని చిత్రం. వెనకవైపు అతని పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఆడిన పోటీలు, చేసిన పరుగులు, పడగొట్టిన వికెట్లు. ఒక మనిషి జీవితాన్ని ఒక బొమ్మగానూ, నాలుగైదు వరుసల అంకెలుగానూ కుదించి, ఆ ముక్కలను లక్షలాదిగా అచ్చువేసి బాలుర చేతుల్లోకి పంపడం పాశ్చాత్య దేశాలలో నూటయాభై ఏళ్ళుగా సాగుతున్న వ్యవహారం. ఇందులో చరిత్రకారుడు పట్టించుకోవలసినంత విషయం ఉన్నదా అని సందేహించేవారు ఉండవచ్చును. అండమాన్ నికోబార్ దీవులలో నివసించే పాఠకునికి మాత్రం ఆ సందేహం త్వరలోనే తీరుతుంది. ఎందుకంటే మనిషిని ఒక బిళ్ళ మీద అంకెలుగా రాసే పద్ధతి ఈ దీవులకు క్రీడల ద్వారా రాలేదు. శిక్షాస్మృతి ద్వారా వచ్చింది.

1858 మార్చిలో డాక్టర్ వాకర్ రెండువందల మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ చేరిన నాటి నుంచి ఇక్కడి శిక్షావాసం లెక్కల మీద నడిచింది. ఖైదీ మెడలో వేలాడే చెక్కబిళ్ళ మీద అతని సంఖ్య, శిక్షపడిన సెక్షను, శిక్ష విధించిన తేదీ, విడుదల కావలసిన తేదీ చెక్కి ఉండేవి. వినాయక దామోదర సావర్కర్ మెడలోని బిళ్ళ మీద విడుదల సంవత్సరం 1960 అని ఉండడం చాలామందికి తెలిసిన సంగతే. పేరు అక్కరలేదు, ముఖం అక్కరలేదు, అంకె చాలు. ఇదే శిక్షావాసంలో చెలామణికోసం 1861, 1866 సంవత్సరాల ముద్రతో రూపాయి విలువగల రాగి టోకెన్లు కూడా కలకత్తాలో తయారై వచ్చాయి. దీవి దాటితే చెల్లని ఆ నాణెం నేడు నాణెసేకర్తలు వెదుకులాడే వస్తువు. ఖైదీల శ్రమకు కొలతగా ఉండిన రాగిముక్క వేలంపాటలలో పెద్దల చేతులు మారుతున్నది.

దీనికంటె మనసును కలచివేసే ఉదాహరణ మరొకటి ఉన్నది. అండమాన్ ఆదివాసుల బాధ్యత వహించిన అధికారి మారిస్ విడాల్ పోర్ట్‌మన్ 1890లలో బ్రిటిష్ మ్యూజియం కోసం ఆదివాసుల ఛాయాచిత్రాలు పెద్ద సంఖ్యలో తీశాడు. వాటిలో కొన్నింటికి వెనుక గళ్ళ తెర కట్టించాడు. ఆ గళ్ళను బట్టి శరీరాన్ని కొలవవచ్చును. చిత్రంతోపాటు ఎత్తు, బరువు మొదలైన వివరాలు పట్టికలుగా రాయించాడు. ముందు బొమ్మ, వెనక అంకెలు! రూపంలో చూస్తే క్రీడాకార్డుకూ దీనికీ తేడా తక్కువ. సారంలో చూస్తే ఆకాశానికీ పాతాళానికీ ఉన్నంత తేడా. ఆ చిత్రాలలోని జనం ఎంత వేగంగా తరిగిపోయారో జనాభా లెక్కలే చెబుతాయి: 1901లో గ్రేట్ అండమానీయులు 625 మంది, 1961 నాటికి 19 మంది. ఆల్బం మిగిలింది, అందులోని వంశాలు మిగలలేదు. సేకరణ అనే మాట వినగానే ఇక్కడి చదువరి ఒక్క క్షణం ఆగవలసిన అవసరం ఇందుకే ఉన్నది.

సెల్యులర్ జైలు నిర్మాణం 1896లో ప్రారంభమయింది. సరిగ్గా అదే సంవత్సరంలో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరపు విల్స్ పొగాకు సంస్థ యాభైమంది క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలతో ఒక కార్డుల శ్రేణి విడుదల చేసింది. కాకతాళీయమే అయినా గుర్తుంచుకోదగిన జంట ఇది. ఒకే సామ్రాజ్యం ఒకచోట మనుషులకు సంఖ్యలు తగిలించి గదులలో పెడుతున్నది. మరొకచోట మనుషుల బొమ్మలకు సంఖ్యలు తగిలించి పెట్టెలలో పెడుతున్నది.

పెట్టెలలో అన్నది అలంకారం కాదు. కార్డు పుట్టుకకు కారణమే సిగరెట్టు పెట్టె. తొలిరోజుల పెట్టె పలుచని కాగితంతో చేసినది. లోపలి సిగరెట్లు నలిగిపోకుండా ఒక గట్టి అట్టముక్క పెట్టేవారు. ఊరికే ఉన్న అట్ట మీద ఏదైనా బొమ్మ వేస్తే కొనేవాడు మళ్ళీ అదే మార్కు కొంటాడని వర్తకులకు తోచింది. నటీమణులు, ఓడలు, పక్షులు, సైనికులు, చివరకు ఆటగాళ్ళు. అమెరికాలో బేస్‌బాల్ జట్టు చిత్రాలను అట్టకు అతికించి పంచడం 1860లలోనే ఉన్నది గాని, దానిని అలవాటుగా, వ్యసనంగా మార్చినవి పొగాకు కంపెనీలు. శ్రేణికి యాభై బొమ్మలు. నలభైతొమ్మిది దొరికినవానికి యాభయ్యవది దొరికేదాకా నిద్రపట్టదు. తండ్రి పొగ తాగుతాడు, కొడుకు బొమ్మ దాచుకుంటాడు. వ్యాపారం ఎంత తెలివిగా ఇల్లు చొచ్చిందో చూడండి.

ఈ కథలో తెలుగుదేశానికి ఒక మూల చోటున్నది. 1901లో విల్స్ తదితర సంస్థలు ఏకమై ఇంపీరియల్ టొబాకో అయినవి. 1910లో దాని భారతీయ శాఖ కలకత్తాలో వెలసింది. 1912లో ఆకు సేకరణ కోసం ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడి గుంటూరు సీమలో కాలూనింది. 1920ల నుంచి గుంటూరు నల్లరేగడిలో వర్జీనియా పొగాకు సాగు విస్తరించింది. చీరాల ఆకు కర్మాగారం పేరు ఆ ప్రాంతంలో ఎరుగనివారు లేరు. ఆ ఆకులో కొంత భాగం సీమకు ఎగుమతి అయ్యేది. అంటే బ్రాడ్‌మన్ బొమ్మ దాచుకున్న ఇంగ్లీషు పిల్లవాని సంబరం వెనుక గుంటూరు రైతు చెమట కొంత ఉండి ఉండవచ్చును. పొగాకు రైతు ఇంట పుట్టిన పిల్లవానికి మాత్రం ఆ బొమ్మలు దొరికినవి బహు తక్కువ.

అయితే మన పిల్లలు ఊరుకోలేదు. కార్డు లేకపోతే పెట్టెనే కార్డు చేసుకున్నారు. ఖాళీ సిగరెట్టు పెట్టెల ముఖాలు, అగ్గిపెట్టెల చిత్తరువులు చింపి, నేల మీద గిరి గీసి అందులో పేర్చి, బిళ్ళరాయితో కొట్టి గిరి దాటించి గెలుచుకొనే ఆట కోస్తా జిల్లాలలోనూ తెలంగాణలోనూ కొన్ని తరాలపాటు సాగింది. ప్రతి మార్కుకూ పిల్లలే వెల కట్టేవారు. హైదరాబాదు వజీర్ సుల్తాన్ వారి చార్మినార్ ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది కనుక దాని విలువ తక్కువ. ఓడరేవు పట్టణాల నుంచి వచ్చిన విదేశీ పెట్టెకు విలువ ఎక్కువ. అరుదైనదానికి వెల అనే అర్థశాస్త్ర సూత్రాన్ని ఏ బడిలోనూ చెప్పకముందే వీధిలో నేర్చుకున్నారు. కాగితాల ముద్రణ గురించి గ్రంథాలు వెలువడిన ఈ కాలంలో ఈ ఆట మీద ఒక మంచి వ్యాసమైనా రాకపోవడం మన విద్వాంసులకు గౌరవం కాదు.

కార్డుల చరిత్రలో అందరూ చెప్పే పేరు హోనస్ వాగ్నర్. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ వెలువరించిన శ్రేణిలో ఇతని బొమ్మను అతి కొద్ది ప్రతులు మాత్రమే అచ్చువేసి ఆపివేశారు. పిల్లలు తన బొమ్మ కోసం పొగాకు కొనరాదని అతడే అడ్డుచెప్పాడని కొందరూ, తనకు సొమ్ము ముట్టలేదని అలిగాడని కొందరూ అంటారు. కారణం ఏదైనా, ఆ కార్డు ఒకటి 2022లో డెబ్బై లక్షల డాలర్లకు మించి పలికింది. ఈ మాట చెప్పగానే వినేవారి కళ్ళు మెరుస్తాయి. వాగ్నర్ కథను మరిచిపోయినా ఫరవాలేదు; జెఫర్సన్ బర్డిక్ కథను మరువరాదని నా అభిప్రాయం.

బర్డిక్ న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ పట్టణంలో విద్యుత్ పరికరాల కర్మాగారంలో పనిచేసిన సామాన్య కార్మికుడు. అవివాహితుడు. కీళ్ళవాతం అతని చేతులను క్రమంగా వంకరలు తిప్పింది. అప్పటిదాకా చెత్తగా పరిగణింపబడిన అచ్చుకార్డులను అతడు పోగుచేసి, తరగతులుగా విభజించి, ప్రతి శ్రేణికీ ఒక అక్షరమూ సంఖ్యా ఇచ్చి 1939లో ఒక జాబితా ప్రచురించాడు. వాగ్నర్ కార్డున్న శ్రేణిని నేటికీ సేకర్తలు టి 206 అని పిలవడం ఆ జాబితా ప్రకారమే. 1940ల చివరి నుంచి తన సేకరణను న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి అప్పగించడం మొదలుపెట్టి, స్వయంగా వెళ్ళి కూర్చుని మూడు లక్షలకు పైబడిన ముక్కలను ఆల్బములలో అతికించాడు. 1963 జనవరిలో చివరి ముక్క అతికించాడు; మార్చిలో కన్నుమూశాడు. అతడు ధనవంతుడు కాడు, పండితుడు కాడు. వరుసపెట్టడం అతని విద్య. ఇంగ్లండులో ఎడ్వర్డ్ వార్టన్-టైగర్ కూడా తాను జీవితాంతం కూడబెట్టిన ఇరవై లక్షల సిగరెట్టు కార్డులను బ్రిటిష్ మ్యూజియానికి వదిలి 1995లో గతించాడు. పోర్ట్‌మన్ చిత్రాలు చేరింది కూడా ఆ మ్యూజియానికే.

రెండవ ప్రపంచయుద్ధం తెచ్చిన కాగితపు కరవుతో ఇంగ్లండులో సిగరెట్టు కార్డు దాదాపు అంతరించింది. ఆ తరువాతి యుగం బబుల్ గమ్ముది. అమెరికాలో టాప్స్ కంపెనీ 1952లో వేసిన బేస్‌బాల్ కార్డులు నేటి కార్డు రూపానికి మూలం. అమ్ముడుపోని 1952 కార్డులను కొన్నేళ్ళు గోదాములో ఉంచి, 1960 ప్రాంతంలో పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించామని ఆ కార్డుల రూపకర్త సై బర్గర్ తానే చెప్పేవాడు. ఆ శ్రేణిలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో కోటి ఇరవైయారు లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. సముద్రంలో పడినవి పడగా మిగిలినవాటికి ఆ ధర! తరువాత 1980ల చివర ఇదే పరిశ్రమ ఆశకుపోయి లెక్కలేనన్ని కార్డులు ముద్రించింది; ప్రజలు పెట్టుబడి అనుకుని అటకలనిండా దాచుకున్నారు; ఇప్పుడు వాటిని ఊరికే ఇస్తామన్నా పుచ్చుకొనేవారు తక్కువ. కొత్తగా సేకరణ ఆరంభించేవారు ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

మన దేశంలో కార్డుల పంట పండినది 1987 ప్రపంచకప్పు క్రికెట్ కాలంలో. బిగ్ ఫన్ అనే బబుల్ గమ్‌తో వచ్చిన చిన్న కార్డుల మీద ఆటగాడి బొమ్మతోపాటు ఇన్ని పరుగులు, ఇన్ని వికెట్లు అని ఉండేది. వాటిని కూడి నిర్ణీత సంఖ్య చేరితే బహుమతి. గవాస్కర్, కపిల్ దేవ్, శ్రీకాంత్ పాఠ్యపుస్తకాల మధ్య నలిగి నల్లబడిపోయారు. 1990లలో ఆటగాళ్ళ గణాంకాలను పోల్చి గెలుచుకొనే ట్రంప్ కార్డులు వచ్చాయి. 2010 తరువాత ఐ.పి.ఎల్. కార్డులను టాప్స్ సంస్థే మన దేశంలో అమ్మింది. బిగ్ ఫన్ కార్డులను ఎవరూ భద్రంగా దాచలేదు. బహుమతికి పంపినవి పోయాయి, మిగిలినవి చెదలుపట్టాయి. మన దేశపు కార్డుల చరిత్రలో ఇంత ప్రజాదరణ పొందినది మరొకటి లేదు. నేడు పూర్తి శ్రేణి చూడాలంటే గగనమే.

ఇక తెలుగువారి ఆల్బంలో మొదటి పుట ఎవరిదన్న ప్రశ్నకు జవాబు వెదకనక్కరలేదు. కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూరులో, తెలుగు కుటుంబంలో జన్మించాడు. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో గిల్లిగన్ నాయకత్వాన వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద హిందూ జట్టు తరఫున 153 పరుగులు చేశాడు. అందులో పదకొండు సిక్సర్లు. ఆ ఇన్నింగ్స్ చూసిన తరువాతనే భారతదేశం టెస్టు ఆడదగిన దేశమన్న నమ్మకం ఇంగ్లీషువారికి కుదిరిందని క్రికెట్ చరిత్రకారులు రాశారు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారతదేశపు తొలి టెస్టు జట్టుకు అతడు నాయకుడు. మహారాజులు, రాకుమారులు నాయకత్వం కోసం పోటీపడిన రోజులవి. సామాన్య గృహస్థుడు టాస్‌కు నడిచి వెళ్ళాడు. 1933లో విజ్డెన్ వార్షిక గ్రంథం అతనిని సంవత్సరపు ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకరిగా ఎంచింది. 1956లో పద్మభూషణ్ లభించింది. 1967 నవంబరు 14న ఇందూరులో మరణించాడు.

ఇటువంటివాని బొమ్మ ప్రజల చేతుల్లోకి ఎట్లా వెళ్ళింది? 1941లో బాత్‌గేట్ కంపెనీవారి లివర్ టానిక్ ప్రకటనకు అతడు పేరిచ్చాడు. ఒక వస్తువును సమర్థించిన తొలి భారతీయ క్రికెటర్ అతడే అంటారు. అభిమానులు పత్రికలలోని బొమ్మలు కత్తిరించి నోటుపుస్తకాలలో అంటించుకున్నారు. ప్రభుత్వం తరఫున అతని బొమ్మ వచ్చినది చాలా ఆలస్యంగా, 1996లో: దేవధర్, వినూ మన్కడ్, విజయ్ మర్చంట్‌లతో కలిపి తపాలాశాఖ నాలుగు బిళ్ళలు వెలువరించింది. 1971లో వెస్టిండీస్, ఇంగ్లండుల మీద సాధించిన విజయాలకు గుర్తుగా ఒక బిళ్ళ అంతకుముందే వచ్చింది గాని, అందులో మనిషి పేరు లేదు. 2013 నవంబరులో సచిన్ తెందుల్కర్ ఆడుతుండగానే అతని బిళ్ళలు విడుదలయ్యాయి. నాయుడుగారికి మరణానంతరం ఇరవైతొమ్మిదేళ్ళు పట్టింది. భారతదేశంలో క్రీడాకార్డు చేయవలసిన పనిని చాలాకాలం తపాలాబిళ్ళే చేసిందన్నది ఇక్కడ గ్రహించదగిన విషయం. కనుక మన సేకర్త కార్డులకూ బిళ్ళలకూ మధ్య గోడ కట్టుకోనక్కరలేదు.

ఇప్పుడు దీవులలో సేకరణ మొదలుపెట్టదలచిన వ్యక్తి సంగతి చూద్దాము. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ పదమూడు శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో అధికులు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చిన కుటుంబాలవారు. ఇంటికి ఓడ మీద ఉత్తరాలు, సరుకులు వచ్చే కాలం నుంచి వీరికి కాగితం విలువ తెలుసు. తొలి సూత్రం ఒకటే: అన్నీ కావాలనుకోకూడదు. ఒక ఆట, లేక ఒక జట్టు, లేక ఒక జిల్లా ఎంచుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయిన కరణం మల్లీశ్వరితో మొదలుపెట్టి ఉత్తరాంధ్ర క్రీడాకారుల ఆల్బం కట్టవచ్చును. వీరఘట్టంలో పుట్టిన మల్లవీరుడు కోడి రామ్మూర్తి నాయుడు దానికి పూర్వపీఠిక. ఇవి కొనడానికి దొరికే కార్డులు కావు. బిళ్ళలు, కవర్లు, పత్రికా చిత్రాలు, పోటీల టిక్కెట్లు. ఏది దొరికితే అదే కార్డు.

రెండవది స్థితి. కార్డు విలువ బొమ్మలో సగమైతే మూలలలో సగం. మూలలు వాడిగా, అంచులు తెల్లగా, బొమ్మ చట్రం మధ్యలో ఉన్నదే మేలైనది. 1991లో అమెరికాలో మొదలైన పి.ఎస్.ఎ. వంటి సంస్థలు ఒకటి నుంచి పది దాకా అంకె వేసి, కార్డును గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇస్తాయి. అంకె ఒకటి తగ్గితే వెల సగం కావచ్చును. మన దీవులలో మూలలకు శత్రువు చెయ్యి కాదు, గాలి. ఏటా మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే చోట, రెండు ఋతుపవనాలూ తడిపే చోట, కాగితం ఊపిరి పీల్చినట్లు ఉబ్బుతుంది, వంగుతుంది, మచ్చలు కడుతుంది. తాళపత్ర గ్రంథాలకు మన పూర్వులు వసకొమ్ము మూటలు పెట్టి, నూనె రాసి కాపాడుకున్నారు. నూనె కాగితానికి పనికిరాదు గాని, ఏటేటా విప్పి చూచి గాలి తగలనిచ్చే వారి అలవాటు నేటికీ పనికివస్తుంది. పి.వి.సి. సంచులు కాలక్రమేణా రసాయనం వదిలి బొమ్మను అంటుకుంటాయి. పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్ తొడుగులు వాడాలి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి తేమ పీల్చుకున్నాక మార్చాలి. చాలామంది భద్రత పేరుతో లామినేషన్ చేయిస్తారు. అది కార్డును మమ్మీ చేసినట్లే. తిరిగి విప్పలేము, ఏ సేకర్తా తీసుకోడు.

మూడవది మార్పిడి. ఈ హాబీకి జీవం డబ్బులో లేదు, ఇచ్చిపుచ్చుకోవడంలో ఉన్నది. ఈ విషయంలో నికోబార్ ద్వీపవాసులు మనకు గురువులు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఓడలవారు బట్ట, ఇనుము, పొగాకు ఇచ్చి కొబ్బరికాయలు పట్టుకుపోయేవారు. కొబ్బరికాయే వెల, కొబ్బరికాయే సరుకు. నికోబారీలు కాయలను జంటలుగా, ఇరవైలుగా లెక్కించే పద్ధతిని ఇ.హెచ్. మాన్ వివరంగా నమోదు చేశాడు. ఒక వస్తువుకు ఎన్ని జంటలన్నది ఇరుపక్షాలకూ ముందే తెలిసి ఉండేది కనుక మాట తప్పడానికి తావు తక్కువ. కార్డుల మార్పిడిలోనూ అంతే. తన దగ్గర రెండేసి ఉన్నవాటి జాబితా, తనకు లేనివాటి జాబితా రెండూ రాసుకుని కూర్చోవాలి. లోపమున్న కార్డు ఇచ్చేటప్పుడు లోపం ముందే చెప్పాలి. చిన్నపిల్లలతో పెద్దలు మార్పిడి చేయడం న్యాయం కాదని నా పట్టుదల. పిల్లవానికి వెల తెలియదు, పెద్దవానికి తెలుసు, ఆ బేరంలో సమానత్వం లేదు. రంగత్, మాయాబందర్ వంటి చోట్ల నుంచి తపాలాలో పంపేవారు కార్డును రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, తడి తగలని కవరులో వేసి రిజిస్టరు చేయడం మంచిది. ఓడ ఆలస్యమైతే కవరు కొన్నాళ్ళు రేవులో నిలవవచ్చు.

నాలుగవది నకిలీ. దీనికి పాఠం ఈ దీవుల చరిత్రలోనే ఉన్నది. 1942 మార్చి 23న జపాను సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. ఆ ఆక్రమణ కాలంలో ఆరవ జార్జి బొమ్మ ఉన్న భారతీయ తపాలాబిళ్ళల మీద ముందొక చుక్క, పక్కన పెద్ద అంకె వేసి కొత్త వెలతో వాడారు. రాజు ముఖం అలాగే ఉంచి, దాని మీద మరొకరి అధికారాన్ని నల్లసిరాతో గుద్దారన్న మాట. ప్రపంచ తపాలాబిళ్ళల జాబితాలలో అండమాన్ నికోబార్‌కు ప్రత్యేక స్థానం తెచ్చినవి ఈ మొరటు ముద్రలే. అసలు బిళ్ళ చౌక. పైన అంకె పడితే ఖరీదు. అటువంటప్పుడు ఎవడైనా ఇంట్లో కూర్చుని అంకె గుద్దడానికి ఎంత సేపు? అందుచేత నిపుణుల ధ్రువపత్రం లేనిదే బుద్ధిమంతులెవరూ వాటిని కొనరు. కార్డుల మీద సంతకాలకూ, పాత శ్రేణుల పునర్ముద్రణలకూ ఇదే వర్తిస్తుంది. భూతద్దంలో చూస్తే పాత అచ్చు, కొత్త అచ్చు చుక్కల అమరిక తేడా తెలుస్తుంది. పాత కాగితం వాసన కూడా కొంత చెబుతుంది. చాలా చౌకగా వచ్చిన అపురూప వస్తువును అనుమానించవలసిందే.

పెట్టుబడిగా చూడవచ్చునా అని అధికారవర్గంలోని మిత్రులు తరచు అడుగుతారు. పైన చెప్పిన 1980ల అమెరికా అనుభవమే జవాబు. విడవని కార్డు పొట్లాలు కొని, లోపల ఏమి దొరుకుతుందోనని పందెం కాయడం సేకరణ కాదు, లాటరీ.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం ఒకటి మిగిలింది. ఈ దీవుల క్రీడాకారుల కార్డులు ఏవి? కార్ నికోబార్‌కు చెందిన డెబోరా హెరాల్డ్ తొమ్మిదేళ్ళ వయసులో 2004 డిసెంబరు 26 నాటి సునామీలో చెట్టును పట్టుకుని రోజుల తరబడి ప్రాణం నిలుపుకున్నది. 2015లో 500 మీటర్ల టైమ్ ట్రయల్ సైక్లింగ్‌లో ప్రపంచ నాలుగో ర్యాంకుకు ఎదిగింది. ఈసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండులోని ఎగ్లెలో జరిగిన జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీలలో కీరిన్ రజతం గెలిచాడు. సైక్లింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్పులలో భారతదేశానికి అది తొలి పతకం. మరుసటి ఏడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో టీమ్ స్ప్రింట్ స్వర్ణం సాధించిన జట్టులోనూ అతడున్నాడు. మరొక నికోబారీ సైకిలిస్టు పేరు డేవిడ్ బెక్హాం. ఫుట్‌బాల్ మీది మమకారంతో ఇంటివారు పెట్టుకున్న పేరు అది. మాంచెస్టర్ ఆటగాని బొమ్మ ఎన్నో ఆల్బములలో ఉన్నది. ఆ పేరే పెట్టుకున్న ద్వీపబాలుని బొమ్మ ఏ ఆల్బంలో ఉన్నది?

క్రీడ ఈ దీవులకు కొత్తది కాదు. పడవపందేలు, కిరిప్ అనే నికోబారీ కుస్తీ, నేల మీద పడవ నడిపినట్లు పరుగెత్తే అసోల్ ఆప్ తరతరాలవి. 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ జాతీయ పతాకం ఎగురవేసినది పోర్ట్ బ్లెయిర్ జింఖానా మైదానంలో, అంటే ఆటస్థలంలోనే. ఆ పట్టణం 2024 నుంచి శ్రీ విజయ పురం. సునామీలో తీరగ్రామాలు కొట్టుకుపోయినపుడు ఇళ్ళతోపాటు ఫోటోలు, ప్రశంసాపత్రాలు, జట్టు చిత్రాలు కూడా పోయాయి. ఉన్న ఊరి చరిత్రను చిన్న కాగితాల మీద నమ్ముకున్న జనానికి ఆ నష్టం లెక్క కట్టలేనిది.

అందుకు ప్రభుత్వ విభాగాలు పెద్ద వ్యయానికి సిద్ధపడనక్కరలేదు. మానవశాస్త్ర మ్యూజియం 1975 నుంచి ఉన్న పట్టణమిది. సెల్యులర్ జైలులో బిళ్ళలూ గొలుసులూ జాగ్రత్తగా ప్రదర్శిస్తున్న చోటిది. అంతర ద్వీప పోటీలు జరిగినప్పుడు పాల్గొన్నవారి చిత్రాలతో ఒక కార్డుల శ్రేణి అచ్చువేయవచ్చును. శ్రేణిలో కొన్ని ప్రతులు గ్రంథాలయానికి, కొన్ని ఆటగాళ్ళ ఇళ్ళకు, మిగిలినవి పాఠశాలలకు. అయితే ఒక నియమం తప్పదు. బొమ్మలో ఉన్నవారు అనుమతించాలి. వెనకవైపు ఏ వివరం రాయాలో, ఏది రాయరాదో వారే చెప్పాలి. పేరు వారి భాషలో వారు పలికినట్లే ఉండాలి. ఆదివాసీ రక్షిత ప్రాంతాలవారి విషయంలో చట్టమే ఛాయాచిత్రాలను నిషేధిస్తున్నది కనుక ఆ వైపు చూడనే కూడదు. పోర్ట్‌మన్ గళ్ళ తెర ముందు నిలబడినవారిని ఎవరూ ఈ ప్రశ్నలు అడగలేదు.

అటువంటి శ్రేణిలో ఒక కార్డు వెనకవైపు ఇట్లా ఉండవచ్చును: పేరు, డెబోరా హెరాల్డ్, క్రీడ, ట్రాక్ సైక్లింగ్, జననం, 1995, ఊరు, కార్ నికోబార్. దాని కింద 2013 ఢిల్లీ ఆసియా కప్పుతో మొదలయ్యే పోటీల వరుస. ముందువైపు మాత్రం అంకె ఏదీ అక్కరలేదు.